నడిచేవాళ్లే... నడవొద్దంటారు!

కొండలెక్కించే క్లబ్బే ఎక్కొద్దంటే ఎలా ఉంటుంది? అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఏటా జరిగేది అదే. అక్కడి గ్రీన్ మౌంటెయిన్ క్లబ్ 1910లో పుట్టింది. మసాచుసెట్స్ సరిహద్దు నుంచి కెనడా దాకా 'లాంగ్ ట్రైల్' అనే కాలిబాటని 1930కల్లా పూర్తిచేసింది. ఇప్పుడది 272 మైళ్లు. మంచు కరిగే రోజుల్లో ఆ దారంతా బురదే. అడుగు పడిన చోటల్లా గుంట, అందులోంచి నీళ్లు, నీళ్లతోపాటే మట్టీ కొట్టుకుపోతుంది. బూట్లు పాడవుతాయని పక్కనుంచి వెళ్తే ఇంకా నష్టం... మొక్కలు నలిగి, దారి వెడల్పవుతుంది. అందుకే మే నెలాఖరు దాకా ఎత్తు దారుల జోలికి రావొద్దంటుంది క్లబ్బు. ఎక్కడైనా బురద ఎదురైతే అందులోంచే నడవాలట, లేదంటే వెనక్కి తిరగాలి! మాన్స్‌ఫీల్డ్ శిఖరం మీదైతే వేసవిలోనూ రాళ్లమీదే కాలు పెట్టమని చెప్పడానికి క్లబ్బు మనుషులుంటారు. మంచుయుగం నుంచీ అక్కడ మిగిలిన బుల్లి మొక్కలు బూటు కింద నలిగితే తేరుకోవడం కష్టం మరి.