బంపరు పగిలిందా? వెనక అక్షరాలు చూసి అతకండి!

అంబాసిడర్లు, ఫియట్లు తిరిగిన రోజుల్లో బంపరంటే ఇనుమే. గుద్దుకుంటే సొట్ట పడేది. మేస్త్రీ సుత్తితో కొట్టి సరిచేసి ఇచ్చేవాడు. 1983 డిసెంబరులో మారుతీ 800 రోడ్డెక్కింది. ఆ తర్వాత వచ్చిన కార్లలో ప్లాస్టిక్కు వాటా పెరుగుతూ పోయింది. నేడు బంపరు, గ్రిల్లు, పక్క అద్దం డొప్ప, చక్రం పైనుండే తొడుగు, చివరకు చాలా కార్లలో రేడియేటరు తొట్టి సైతం ప్లాస్టిక్కే. సుత్తికి పని లేదు. షెడ్డుకు వెళ్తే ‘‘కొత్తది వేయించండి’’ అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది.

కొత్తది వేయించడమంటే పల్లెల్లో కారు బాడుగకు తిప్పి బతికేవారికి మాటలు కాదు. సామాను పట్నం నుంచి రావాలి. దానికి మళ్లీ రంగు వేయించాలి. అన్నాళ్లూ బాడుగ పోయినట్టే. అందుకే గేదె అడ్డం వచ్చో, ట్రాక్టరు ట్రక్కు తగిలో పగిలిన బంపరుకు బైండింగు తీగ చుట్టి తిప్పుతున్న కార్లు మన రోడ్లపై కోకొల్లలు. వీటిలో చాలావాటిని ఇంటి దగ్గరే అతుక్కోవచ్చు. కాస్త ఓపిక ఉండాలి, రకం తెలియాలి.

ప్లాస్టిక్కు అంతా ఒకటి కాదు. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. విరిగిన ముక్కను తిప్పి వెనక వైపు చూడండి. మట్టి తుడిస్తే రెండు బాణపు గుర్తుల మధ్య ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. పీపీ అని ఉంటే పాలీప్రొపిలీన్. బంపర్లు ఎక్కువగా ఇందులోనే, కాస్త రబ్బరు గుణం కలిపి చేస్తారు. ఏబీఎస్ అని ఉంటే గట్టి రకం. గ్రిల్లులు, అద్దం డొప్పలు సాధారణంగా ఇదే. పీఏ అంటే నైలాను. అక్షరాలు చెరిగిపోతే వెనక నుంచి చిన్న పెచ్చు గీకి నీళ్లలో వేయండి. తేలితే పీపీ కావచ్చు. ఏబీఎస్ మునుగుతుంది. అయితే రాతిపొడి ఎక్కువ కలిపిన పీపీ కూడా మునుగుతుంది కనుక అక్షరాలనే నమ్మడం మేలు.

ఏబీఎస్ అతకడం సులువు. అసిటోన్ తెచ్చి, అదే రకం ప్లాస్టిక్కు తురుమును అందులో నానబెడితే ముద్దలా కరుగుతుంది. ఆ ముద్దను పగులులో నింపి ఒక రోజు కదపకుండా ఉంచాలి. విరిగిన చిన్న కొక్కేలకు చుక్క జిగురు వేసి, పైన తినే సోడా చల్లినా రాయిలా గట్టిపడుతుంది. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. పొయ్యి దగ్గర, బీడీ కాల్చే చోట ముట్టుకోరాదు. లైటు అద్దాలపై అసలు పడనీయకండి. తెల్లబారి పగుళ్లిస్తాయి.

బంపరు సంగతి వేరు. పీపీకి మామూలు జిగురు, ఎరాల్డైట్ వంటివి సరిగా పట్టవు. రాత్రి అంటించినది తెల్లారేసరికి పెంకులా ఊడి వస్తుంది. దానికి వేడి అతుకే దారి. ముందు సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. వంకర పోయి ఉంటే మరిగే నీళ్లు పోసి వెనక నుంచి నెడితే చాలావరకు మామూలు రూపానికి వస్తుంది. పగులు ఆగిన చోట 3 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే అది ఇంకా పాకదు. ముందు వైపు అంచులు కలిపి టేపు వేసి, వెనక వైపు మందంలో సగం దాకా గాడి తీయాలి. సోల్డరింగు ఐరన్‌తో తుప్పు పట్టని స్టీలు జాలీని ఆ గాడిలోకి దిగేలా అద్ది, పైన అదే రకం ప్లాస్టిక్కు పుల్లలు కరిగించి కప్పాలి. పీపీ సుమారు 160 డిగ్రీలకే కరుగుతుంది. ఐరన్ మొన వేడి అంతకు రెట్టింపు ఉంటుంది కనుక ఒకేచోట ఆపరాదు. పొగ వచ్చిందంటే ప్లాస్టిక్కు మాడుతున్నట్టే. ఆ అతుకు నిలవదు, ఆ పొగ మంచిదీ కాదు. ఈ పని ఆరుబయటే చేయాలి.

పుల్లల కోసం వైర్లు కట్టే ట్యాగులు కరిగించి పోసేవాళ్లున్నారు. సెల్‌ఫోను వీడియోల పుణ్యం! ఆ ట్యాగు నైలాను. పీపీలో కలవదు, పైపైన గడ్డలా నిలుస్తుంది. కూల్‌డ్రింకు సీసా ముక్కా అంతే. విజయవాడ ఆటోనగర్ వంటి చోట పాత సామాను కొట్లో పీపీ అక్షరాలున్న విరిగిన బంపరు ముక్క తెచ్చుకుని కోసుకుంటే ఏ బెడదా లేదు.

రంగు వేసేవారు ముందుగా ప్లాస్టిక్కు ప్రైమరు పూయాలి. లేకుంటే రంగు పొరలుగా లేస్తుంది.

ఇక అతకకూడనివి ఉన్నాయి. ఎయిర్‌బ్యాగు మూత, బ్రేకు ఆయిలు డబ్బా, పెట్రోలు ట్యాంకు జోలికి పోవద్దు. పెట్రోలు ట్యాంకు ఖాళీ చేసినా లోపల ఆవిరి ఉంటుంది, వేడి తగిలితే పేలుతుంది. రేడియేటరు తొట్టిదీ ఇదే వరస. బండి నడుస్తుంటే లోపల నీళ్లు మరిగే వేడిలో ఉంటాయి, చదరపు సెంటీమీటరుకు కిలో వరకు ఒత్తిడి ఉంటుంది. అక్కడ పెట్టిన జిగురు ఊరి పొలిమేర దాకా బాగానే ఉంటుంది, ఎక్కడో ఎండలో ఎత్తు ఎక్కేటప్పుడు విడిపోతుంది. నీళ్లు పోయిన సంగతి గమనించేలోగా ఇంజను హెడ్డు వంకర పోతుంది. వందల్లో మిగిలింది వేలల్లో పోతుంది. దారిలో తొట్టి పగిలితే ఇంజను ఆపేయాలి. వేడి మీద మూత తిప్పకూడదు, మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. చల్లారాక బండిని తాడు కట్టి షెడ్డుకు లాగించుకోవాల్సిందే.