నడిమిట్ల ఎవరి మిషనున్నది?

దుబాయ్‌ల ఉన్న అన్నకు వాట్సాప్‌ల మెసేజ్ పోతది, ఫొటో పోతది, వాయిస్ నోట్ గూడ పోతది. కాల్ మాత్రం కలవది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు గల్ఫ్‌కు పోయినోళ్ల ఇండ్లల్ల ఇది తెల్సిన ముచ్చటే. సిగ్నల్ లేక గాదు, లైసెన్స్ లేని నెట్ కాల్స్‌ను ఆడి సర్కారు ఆపుతది. ఎట్ల ఆపుతదో తెల్వాలంటే కాల్ ఎట్ల నడుస్తదో ముందుగాల తెల్సుకోవాలె.

ల్యాండ్‌లైన్ కాలంల నడిమిట్ల ఎక్స్‌ఛేంజ్ ఉండేది. మంది పెరిగితే దాన్ని పెంచాలె, పైసలు పెట్టాలె. 2003ల వచ్చిన స్కైప్ ఇంకో తొవ్వ పట్టింది. ప్రోగ్రాం రాసినోళ్లు ఎస్తోనియా పిల్లగాండ్లు. పాటలు పంచుకునే కజాను రాసింది గూడ వాళ్లే. పెద్ద సర్వర్లు కొనుడెందుకు, వాడెటోళ్ల కంప్యూటర్లతోనే పని చేయిద్దాం అనుకున్నరు. మంచి నెట్ ఉన్న కంప్యూటర్ సూపర్‌నోడ్ అయితది. ఎవలు ఆన్‌లైన్ల ఉన్నరో అదే చూస్తది. సీదా కలవని ఇద్దరి నడుమ మాట మోసేది గూడ గసొంటి మిషన్లే. నాట్లప్పుడు బదలుకు పోయినట్టు, ఇయ్యాల నీ పొలంల, రేపు నా పొలంల. మంది పెరిగినకొద్ది మోసెటోళ్లు గూడ పెరుగుతరు. లాగిన్ సర్వర్ ఒక్కటే కంపెనీది.

మరి బదలుకు వచ్చేటోళ్లు ఒక్కపారే రాకపోతే? 2007 ఆగస్టుల గదే అయింది. విండోస్ అప్‌డేట్‌కు లెక్కలేనన్ని కంప్యూటర్లు ఒక్కతీరుగ బందై మళ్ల లేచినయి, అన్ని లాగిన్‌కే ఎగవడ్డయి. సాఫ్ట్‌వేర్ల ఉన్న తప్పు గూడ తోడైంది. రెండు రోజుల దాంక స్కైప్ లేవలే. 2010 డిసెంబర్‌ల మళ్ల పడ్డది.

2011ల మైక్రోసాఫ్ట్ 850 కోట్ల డాలర్లకు కొన్నది. మరుసటేడు సూపర్‌నోడ్లు కంపెనీ డేటా సెంటర్లకు పోయినయి. బ్యాటరీ మీద నడిచే ఫోన్ పక్కోడి మాట మోయలేదు, ఆ లెక్క నేనూ ఒప్పుకుంట. కానీ తాళంచెవి ఒక్కని చేతికి వోయింది. 2025 మే 5న వాళ్లే స్కైప్‌ను బంద్ పెట్టిండ్రు, మనల్ని అడిగింది లేదు.

వాట్సాప్ కాల్‌ను కలిపేది దాని సర్వర్లే. కలిసినంక వీలైతే ఫోన్ నుంచి ఫోన్‌కు సీదా పోతది, లేకుంటే కంపెనీ రిలే మీదికెళ్లి పోతది. మాటకు తాళం ఉంటది, నడిమిట్లోడు వినలేడు. కానీ తాళమేసిన పెట్టెనైనా దర్వాజ కాడ ఆపచ్చు గదా! ప్యాకెట్ల నడక, అవి పోయే అడ్రస్ చూసి ఇది కాల్ అని నెట్ ఇచ్చేటోళ్లు గుర్తువట్టచ్చు.

వీపీఎన్ పెట్టుకో అని అన్నకు చెప్పేముందు జర ఆగుండ్రి. ఆ దేశంల నేరానికి వీపీఎన్ వాడితే జుర్మానా 5 లక్షల దిర్హాంల కాడ షురువైతది, జైలు గూడ ఉన్నది. లైసెన్స్ ఉన్న యాప్ ఏందో ఆడనే అడిగి పెట్టుకొమ్మనుండ్రి.