చేతిపనికి ఒక మూల

మన ఇంట్లో వంటకు ఒక చోటు ఉంది. దేవునికి గూడు ఉంది. నీళ్ల బిందెలకు అరుగు ఉంది. మరి మన చేతిపనికి చోటు ఎక్కడ?

చాలా ఇండ్లల్లో దానికి చోటే లేదు. పొద్దున వాకిట్లో కూర్చుంటాం. ఎండ ఎక్కినంక అర్రలోకి పోతాం. రాత్రి ఎక్కడ బల్బు ఉంటే అక్కడికి జరుగుతాం. సామాను మోసుకుంటూ తిరుగుడే సగం పని అవుతుంది. సూది పోతుంది. పూసలు దొర్లిపోతాయి. నడుము పట్టేస్తుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్లలో ఇంట్లో కూర్చొని పని చేసే ఆడవాళ్లు వేల మంది. ఎందరో బీడీలు చుడతారు. కొందరు చీరలకు ఫాల్స్ కుడతారు. జాకెట్లకు మగ్గం పని చేస్తారు. పూసల దండలు గుచ్చుతారు. గుడ్డ బొమ్మలు చేస్తారు.

ఈ పనులు వేరు వేరు. కానీ అన్నీ సన్నని పనులే. వేళ్లతో, కంటి చూపుతో చేసేవే. వేళ్లు, కళ్లు, నడుము బాగుంటేనే ఈ పని సాగుతుంది. అందుకే పనికి ఒక మూల కావాలి.

ఇంట్లో చేసినా పని పనే

"ఏం పని? ఇంట్ల కూసునుడే గదా!" అని కొందరు అంటారు. ఈ మాట సరైనది కాదు.

1966లో మన దేశంలో బీడీ, చుట్ట కార్మికుల చట్టం వచ్చింది. కార్ఖానాలో చేసేవాళ్లనే కాదు, ఇంటికి ఆకు, తంబాకు తెచ్చుకొని చుట్టేవాళ్లను కూడా ఆ చట్టం కార్మికులు అన్నది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి దగ్గర పనిచేసేవాళ్ల కోసం ఒక ఒప్పందం చేసింది. కూలి విషయంలో, ఆరోగ్యం విషయంలో వాళ్లను మిగతా కార్మికులతో సమానంగా చూడాలని అందులో ఉంది.

మన పనిని ప్రపంచం పని అన్నది. మన ఇల్లు కూడా అనాలి. ఆ మాట ఒక చాపంత జాగతో మొదలవుతుంది.

అగ్గిపెట్టెలో చీర

సిరిసిల్ల నేతకారుడు నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారు. ఆయన కొడుకు నల్ల విజయ్ కూడా ఆ పని చేపట్టారు. 2022 జనవరిలో అలాంటి పట్టుచీరను హైదరాబాద్‌లో మంత్రులకు చూపించారు. చేతితో నేస్తే దానికి ఆరు రోజులు పడుతుందని చెప్పారు.

అంత సన్నని పని ఎట్ల కుదురుతుంది? చేతి నేర్పు ఒక కారణం. ఇంకొకటి కూడా ఉంది. మగ్గానికి ఒక చోటు ఉంటుంది. దాన్ని రోజూ ఎత్తి ఇంకో చోట పెట్టరు. నేసేవాళ్లకు కూర్చునే చోటు ఉంటుంది. నాడె, కండెలు చేతికి అందేంత దూరంలో ఉంటాయి.

మగ్గానికి ఉన్న మర్యాద మన సూదికీ, చాటకూ ఉండాలి.

చోటు ఎట్ల చూసుకోవాలి?

పెద్ద గది అక్కరలేదు. ఒక చాప పరిచేంత జాగ చాలు. కానీ మూడు సంగతులు చూడాలి.

వెలుగు రావాలి. కుడిచేతితో పని చేసేవాళ్లు కిటికీ గానీ, తలుపు గానీ ఎడమ పక్కకు ఉండేటట్టు కూర్చోవాలి. అప్పుడు చేతి నీడ పని మీద పడదు. ఎడమచేతి వాటం వాళ్లకు వెలుగు కుడి పక్క నుంచి రావాలి. రాత్రి పూట బల్బు వీపు వెనక ఉంటే మన తల నీడే పని మీద పడుతుంది. బల్బును పక్కకు, కొంచెం ముందుకు పెట్టించండి. కంట్లో కొట్టకుండా అట్టముక్క అడ్డం పెట్టండి. అట్ట బల్బుకు తగలకూడదు.

గాలి ఆడాలి. తంబాకు దుమ్ము, జిగురు వాసన అర్రలో నిలవకూడదు.

నడవా కాకూడదు. పిల్లలు ఉరికే చోట, పొయ్యి పక్కన, నీళ్లు చిందే చోట పని మూల పెట్టవద్దు.

నడుముకు ఆసరా

గోడకు వీపు ఆనించి కూర్చోండి. నడుము వెనక మడత పెట్టిన బొంత పెట్టుకోండి. పని నేల మీద ఉంటే మెడ వంగుతుంది. ముందట ఒక చిన్న పీట వేసుకొని పనిని దాని మీద పెట్టండి. పని మన దగ్గరికి రావాలి. మనం పని మీదికి వంగకూడదు.

అరగంటకు ఒకసారి లేవండి. నాలుగు అడుగులు వేయండి. మంచినీళ్లు తాగండి. ఇది సోమరితనం కాదు. రేపు కూడా పని చేయాలంటే ఇది కావాలి.

కళ్ల సంగతి

20 నిమిషాలకు ఒకసారి పని మీది నుంచి చూపు తీయండి. 20 అడుగుల దూరంలో ఉన్న చెట్టునో, గోడనో కొంచెం సేపు చూడండి. కళ్లకు అలసట తగ్గుతుంది.

వెలుగు బాగానే ఉంది. అయినా సూదిలో దారం ఎక్కుతలేదు. వయసు నలభై దాటింది. అప్పుడు అది చత్వారం కావచ్చు. దగ్గరి చూపు తగ్గుడే చత్వారం. వయసుతో అందరికీ వస్తుంది. దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుంటే చాలు. కానీ "అద్దాలు పెట్టుకుంటే ముసలిదాన్ని అంటారు" అని కొందరు పని మానుకుంటారు.

అస్సాంలో తేయాకు కోసే కూలీల మీద ఒక పరిశోధన జరిగింది. అది 2018లో అచ్చయింది. అందులో నలభై దాటిన 751 మంది ఉన్నారు. కొందరికి అద్దాలు ఇచ్చారు. వాళ్లు మొదట రోజుకు 25 కిలోల ఆకు కోసేవాళ్లు. తర్వాత సుమారు 35 కిలోలు కోశారు. అద్దాలు ఇవ్వనివాళ్లు 26 కిలోల నుంచి సుమారు 31 కిలోల దాకే వచ్చారు. చూడండి, చూపుకూ సంపాదనకూ ఎంత దగ్గరి సంబంధమో!

మన తెలంగాణలో 2018లో, మళ్లీ 2023లో కంటి వెలుగు శిబిరాలు జరిగాయి. కళ్లు చూసి అద్దాలు ఇచ్చారు. అప్పుడు చూపించుకోనివాళ్లు సర్కారు దవాఖానలో అడగవచ్చు.

చిన్న సామానుకు చిన్న ఇల్లు

చిన్న వస్తువులకు కొత్త డబ్బాలు కొనవద్దు. ఇంట్లో ఉన్నవే చాలు.

ఎనిమిది ఖాళీ అగ్గిపెట్టెలు తీసుకోండి. రెండు వరుసలుగా ఒకదాని మీద ఒకటి అతికించండి. లోపలి పెట్టెలు సొరుగుల లెక్క బయటికి వస్తాయి. ఒకదాంట్లో ఎర్ర పూసలు, ఒకదాంట్లో గుండీలు, ఒకదాంట్లో చమ్కీలు వేయండి. ప్రతి పెట్టె మీద పేరు రాసి అతికించండి. వెతుకులాట తగ్గుతుంది.

పూసల పని చేసేటప్పుడు అంచు ఉన్న పళ్లెంలో తెల్లగుడ్డ పరచండి. పూసలు దొర్లవు. తెల్లదాని మీద రంగు బాగా కనబడుతుంది. సూదులను దూది నింపిన చిన్న గుడ్డ మెత్తకు గుచ్చండి. లేచేటప్పుడు సూదులు లెక్కపెట్టండి.

పిల్లలు భద్రం

పూసలు, గుండీలు పసిపిల్లలు నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు. మూత ఉన్న డబ్బాలో పెట్టి, వాళ్ల చేతికి అందని గూట్లో ఉంచండి. ముక్కులో పూస ఇరికితే పుల్లతో తీయవద్దు. ఇంకా లోపలికి పోతుంది. వెంటనే దవాఖానకు తీసుకుపోండి.

బీడీలు చుట్టే చాప మీద పిల్లలను పడుకోబెట్టవద్దు. తంబాకు దుమ్మును చీపురుతో ఊడిస్తే గాలిలోకి లేస్తుంది. తడిగుడ్డతో తుడవండి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పిల్లలకు అన్నం పెట్టండి. కుట్టుపని, పూసల పని కూడా చేస్తుంటే వాటికి వేరే చాప వాడండి. లేకుంటే బట్టకు తంబాకు వాసన పడుతుంది.

మూలలో ఒక నోటుబుక్కు

పని మూలలో ఒక నోటుబుక్కు, పెన్సిలు వేలాడదీయండి. రోజూ ఈ ఆరు సంగతులు రాయండి.

తేదీ.
తెచ్చిన సామాను.
చేసి ఇచ్చిన లెక్క.
బాగాలేవని తిప్పి ఇచ్చినవి.
రావలసిన పైసలు.
వచ్చిన పైసలు.

నోటి లెక్క మరుపుకు వస్తుంది. రాసిన లెక్క నిలుస్తుంది. "పోయిన వారం ఇరవై జాకెట్లు ఇచ్చిన, పదిహేనుకే పైసలు వచ్చినయి" అని పుస్తకం చూపించి అడగవచ్చు. నెలకు ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది మనకే తెలుస్తుంది. ఏ పని మనకు గిట్టుబాటో, ఏది కాదో కూడా తెలుస్తుంది.

చాప, పీట, బొంత, అగ్గిపెట్టెలు, నోటుబుక్కు. ఇంతే సామాను. ఇంట్లో వాళ్లకు మాత్రం ఒక మాట చెప్పాలి: "ఇది నా పని జాగ. ఇక్కడ బట్టలు వేయొద్దు, బ్యాగులు పెట్టొద్దు."

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీరు పని చేసే చోట వెలుగు ఎటు పక్క నుంచి వస్తుంది?
2. రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారు? మధ్యలో ఎన్నిసార్లు లేస్తారు?
3. మీ గుంపులో దగ్గరి చూపు తగ్గిన వాళ్లు ఎంత మంది? అందరూ కలిసి దవాఖానకు ఎప్పుడు పోదాం?
4. ఈ వారం మీరు చేసిన పని లెక్క రాయండి. రావలసిన పైసలు, వచ్చిన పైసలు సరిపోయాయా?