తారు రోడ్డు ఆర్‌సీ కారును కోడుమూరు మట్టి బాటకు దించాలంటే

రిమోట్ కారు అనగానే చాలా ఇళ్లల్లో గుర్తొచ్చేది ఉర్సులోనో తిరునాళ్లలోనో కొన్న బొమ్మ. వారం రోజులు తిరుగుతుంది, తర్వాత అటక మీదికి పోతుంది. కుర్రాళ్లు డబ్బులు కూడబెట్టి తెప్పించుకునే హాబీ ఆర్‌సీ కారు అలాంటిది కాదు. దాంట్లో ప్రతి స్క్రూ విప్పొచ్చు, ప్రతి భాగం విడిగా దొరుకుతుంది, విరిగితే మార్చుకోవచ్చు. జపాన్‌లోని షిజువోకాకు చెందిన తమియా కంపెనీ 1976లో పోర్షె 934 నమూనాతో ఈ బాట పట్టింది. ఇవాళ ఈ రంగంలో డజన్ల కొద్దీ కంపెనీలున్నాయి.

కొత్తగా కొనేవాళ్లలో చాలామంది ఫొటో చూసి టూరింగ్ కారును ఎంచుకుంటారు. అసలు కారులో పదో వంతు సైజులో, నిజం కారులాగే అందంగా ఉంటుంది. చిక్కంతా పెట్టె విప్పాకే మొదలవుతుంది. టూరింగ్ కారును తయారు చేసిందే నున్నటి తారు కోసం, ఇండోర్ కార్పెట్ ట్రాక్ కోసం. రేసు సెట్టింగులో దాని అడుగుభాగానికి, నేలకు మధ్య ఖాళీ 5 మిల్లీమీటర్లు. అంటే కింద పెన్సిల్ కూడా దూరదు. కోడుమూరులో అలాంటి నేల ఎక్కడుంది? ఒకవైపు నల్లరేగడి, ఇంకోవైపు ఎర్ర గరుసు నేల, హంద్రీ పక్కకు పోతే ఇసుక. ఉన్న తారు రోడ్డేమో లారీలకు, ఆటోలకు, బైకులకే చాలదు. అక్కడ బొమ్మ కారు తిప్పడం ప్రాణాలతో చెలగాటం.

కాబట్టి దారి ఒక్కటే. రోడ్డును మార్చలేం, కారును మార్చుకోవాలి. అసలు ర్యాలీ కార్లలోనూ జరిగేది ఇదే. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో అదే కారు తారు మీద 18 అంగుళాల చక్రాలతో, నేలకు దగ్గరగా పరుగెడుతుంది. కంకర దారి వచ్చిందంటే 15 అంగుళాల చిన్న రిమ్ము, దానికి మందపాటి టైరు వేసి, సస్పెన్షన్ పైకి లేపి, అడుగున గట్టి రేకు బిగిస్తారు. చిన్న కారుకూ ఇదే సూత్రం.

మొదట మీ దగ్గరున్నది ఏ రకమో చూసుకోండి. నాలుగు చక్రాల డ్రైవ్ టూరింగ్ కార్లు రెండు రకాలు. కొన్నింటిలో మోటారు శక్తి రబ్బరు బెల్టుల ద్వారా చక్రాలకు వెళ్తుంది, కొన్నింటిలో మధ్యలో తిరిగే షాఫ్టు ద్వారా. రేసుల్లో బెల్టు కారుదే పైచేయి. కానీ తెరిచి ఉన్న బెల్టులో బఠాణీ గింజంత రాయి పడినా పళ్లు ఊడిపోతాయి. తమియా 2012లో తెచ్చిన ఎక్స్‌వీ-01 ర్యాలీ కారుకూ బెల్టులే ఉన్నాయి, కాకపోతే వాటిని పూర్తిగా మూసిన డబ్బాలో పెట్టారు. అదే కంపెనీ 2013లో తెచ్చిన టీటీ-02 లాంటి చవక కారులో షాఫ్టు, గేర్లు ప్లాస్టిక్ గూటిలో ఉంటాయి. మట్టికి ఇలాంటిదే మేలు. తెరిచి ఉన్న బెల్టు కారును మాత్రం మట్టిలోకి దించకండి. అమ్మి వేరేది కొనుక్కోవడమే లాభం.

ఎంత ఎత్తు లేపాలి?

ఎంత ఎత్తితే అంత మంచిదనుకుంటే పొరపాటు. ఎత్తు పెరిగేకొద్దీ కారు బరువు కూడా పైకి పోతుంది, మలుపులో పల్టీ కొడుతుంది. 15 నుంచి 18 మిల్లీమీటర్లు ఉంటే మామూలు బండ్ల బాటకు సరిపోతుంది. దీనికి షాక్ అబ్జార్బర్లు కాస్త పొడుగువి కావాలి. ఉన్న షాకుకే స్ప్రింగు బిగించి ఎత్తు తెచ్చేవాళ్లున్నారు. అప్పుడు కారు ఎత్తుగా కనిపిస్తుంది గానీ చక్రం గుంతలోకి దిగదు, గాల్లో ఆగిపోతుంది. గతుకుల్లో కారును నిలబెట్టేది చక్రం పైకి లేవడం ఒక్కటే కాదు, కిందికి దిగడం కూడా. స్ప్రింగులు మెత్తగా ఉండాలి. రెండు వైపుల చక్రాలను కలిపే యాంటీరోల్ బారు ఉంటే తీసేయండి.

షాకులో పోసే సిలికాన్ ఆయిల్ విషయంలో మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది. వీడియోల్లో చెప్పే నంబర్లన్నీ జపాన్, ఇంగ్లండ్ చలికి సరిపోయేవి. వేసవిలో కర్నూలు వైపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి ఆయిల్ పలచబడి, కారు బంతిలా ఎగురుతుంది. అక్కడ 300 వేస్తే ఇక్కడ 400 వేసి చూడండి.

కారు ఎత్తు పెరిగితే చక్రాలకు శక్తినిచ్చే చిన్న షాఫ్టులు ఏటవాలుగా తిరుగుతాయి. కిట్టుతో వచ్చే మామూలు డాగ్‌బోన్ షాఫ్టులు ఆ వంపులో అరిగిపోతాయి, ఒక్కోసారి ఊడి పొలంలో పడిపోతాయి. వెతికినా దొరకవు. కనీసం ముందు చక్రాలకైనా యూనివర్సల్ జాయింట్ షాఫ్టులు వేయించడం మంచిది.

టైరు, గేరు వేరు కాదు

నున్నటి టైరు తీసి గళ్ల టైరు వేయాలి. 12 మిల్లీమీటర్ల ఆరు పలకల హబ్ దాదాపు అన్ని పదో వంతు కార్లకు ఒకటే కాబట్టి వేరే కంపెనీ చక్రాలు కూడా ఎక్కుతాయి. అయితే చాలామంది మరిచిపోయేది గేరు. టైరు వ్యాసం 64 మిల్లీమీటర్ల నుంచి 70కి పెరిగిందనుకోండి. చక్రం ఒక్క చుట్టు తిరిగితే కారు ఇంతకుముందు కన్నా 9 శాతం ఎక్కువ దూరం పోతుంది, మోటారు మీద అంత భారం పడుతుంది. మోటారుకున్న చిన్న గేరు 22 పళ్లదైతే దాన్ని 20కి తగ్గించాలి. మట్టి లాగుడుకు ఇంకొకటి తగ్గించి 19 వేస్తే ఇంకా నయం. వేగం కొంత తగ్గుతుంది, మోటారు బతుకుతుంది. అయిదు నిమిషాలు నడిపి ఆపి మోటారును వేలితో తాకండి. మూడు సెకన్లు వేలు పెట్టలేకపోతే గేరు ఇంకా పెద్దదనే లెక్క. ఇవేవీ చూసుకోకుండా ముందే పవర్ మోటారు కొనేవాళ్లు డబ్బును దుమ్ములో పోస్తున్నట్టే.

దుమ్ము అంటే గుర్తొచ్చింది, ఈ నేలలో కారును చంపేది గతుకులు కాదు, దుమ్మే. రేగడి దుమ్ము పిండిలా మెత్తగా ఉంటుంది. గ్రీజుతో కలిసిందంటే గేర్లను సానబట్టినట్టు అరగదీస్తుంది. కిట్టుతో వచ్చే ప్లాస్టిక్ బుష్‌లు తీసేసి రెండు వైపులా మూత ఉన్న బాల్ బేరింగులు వేయాలి. డబ్బులు తక్కువుంటే టైర్ల తర్వాత ఖర్చు పెట్టాల్సింది వీటికే. మిగతా వాటికి ఇంట్లో దొరికే వస్తువులు చాలు. బుడగ రెండు చివర్లూ కత్తిరించి షాకు కడ్డీకి తొడిగితే దుమ్ము లోపలికి పోదు. పాత సైకిల్ ట్యూబు ముక్కలు మడ్‌గార్డులవుతాయి. మోటారు గాలి రంధ్రాలకు పల్చటి సాక్సు గుడ్డ కట్టొచ్చు, అయితే వేడి పెరుగుతుందా అని చూస్తుండాలి. పై బాడీ పల్చటి పాలికార్బనేట్. పెద్ద టైర్లు రాసుకునే చోట దాన్ని కత్తిరించి, పగుళ్లు రాకుండా లోపలి వైపు గుడ్డ టేపు అంటించాలి. రంగు కూడా లోపలి వైపే ఉంటుంది కాబట్టి పైన గీతలు పడినా పోదు.

నేల ఎంపిక కూడా ముఖ్యమే. ఎండాకాలంలో నల్లరేగడి నెర్రెలు బారుతుంది. ఆ నెర్రెలో ఈ కారు చక్రం మొత్తం దిగిపోతుంది. వాన పడితే అదే మట్టి టైరుకు పిడచలా చుట్టుకుని కదలనీయదు. ఇసుకలో మోటారు కాలుతుంది. ఎర్ర గరుసు నేల, పంట తీసేసిన శెనక్కాయ చేను, బాగా తొక్కుడు పడిన కళ్లం అన్నిటికన్నా మేలు. రైతును అడిగి దిగండి. ర్యాలీల్లో డ్రైవరు పక్కన దారి చదివి చెప్పే కో-డ్రైవరు ఉంటాడు. 2019లో అర్జున అవార్డు అందుకున్న గౌరవ్ గిల్‌కు దేశంలోని ర్యాలీల్లో కేరళ కాసరగోడ్‌కు చెందిన మూసా షరీఫ్ అలా దారి చెప్పారు. ఆర్‌సీ కారుకు ఆ సౌకర్యం లేదు. అందుకే ముందు కాలినడకన బాటంతా తిరిగి రాళ్లు, ముళ్ల కంప ఎక్కడున్నాయో చూసుకోవాలి.

కిలోన్నర బరువున్న కారు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలితే పిల్లల కాలు విరగొచ్చు. గొర్రెల మంద వస్తుంటే ఆపేయండి, బెదిరాయంటే కాపరికి పూటంతా పని. రిమోట్ సిగ్నల్ తెగితే కారు దానంతటదే ఆగేలా ఫెయిల్‌సేఫ్ సెట్ చేసుకుని, చక్రాలు గాల్లో ఉంచి రిమోట్ ఆఫ్ చేసి పరీక్షించాకే నేల మీద పెట్టాలి.

అసలు భయపడాల్సింది లైపో బ్యాటరీకి. ఒక్కో సెల్ 4.2 వోల్టులు దాటకూడదు, 3కు దిగకూడదు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ చార్జింగ్ పెట్టారంటే మంట అంటుకోవచ్చు. నడిపిన వెంటనే వేడి మీద చార్జ్ చేయొద్దు, రాత్రి చార్జింగ్ పెట్టి పడుకోవద్దు, ఎండలో నిలిపిన కారులోనో బైకు డిక్కీలోనో వదిలేయొద్దు. పక్కన ఇసుక బకెట్ పెట్టుకుని, బట్టలూ పరుపులూ లేని బండ మీదే చార్జ్ చేయాలి. వారం పాటు వాడేది లేకపోతే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఆపి దాచండి.

ఇంటికొచ్చాక కారును నీళ్లతో కడగొద్దు. ఎండిన మట్టిని పాత పెయింట్ బ్రష్‌తో దులిపి, చక్రాలు విప్పి, ఒక్కో బేరింగును వేలితో తిప్పి చూడండి. గరగర వినిపిస్తే అప్పుడే మార్చేయండి.