ఆపరేషన్ సక్సెస్ సరే... అమ్మమ్మ కింద కూర్చోగలదా?

రాజమండ్రి దానవాయిపేటలో సాయంత్రం పూట నడిచి చూడండి. అడుగడుక్కీ ఆసుపత్రి, దాని ముందు ఓ ఆటో. ఆటోలోంచి ఒక చెయ్యి మనవడి భుజం మీద, ఇంకో చెయ్యి కర్ర మీద వేసి మెల్లగా దిగే పెద్దావిడ. చంకలో ఎక్స్‌రే కవరు. కోనసీమలో కొబ్బరిచెట్టు మీంచి పడ్డా, కాలవగట్టు మీద బండి జారినా, కబడ్డీలో మోకాలు తిరిగినా మన వాళ్లు చివరికి తేలేది ఇక్కడో, కాకినాడలోనో.

వాళ్లందరికీ బయటికొచ్చాక వినపడే మాట ఒక్కటే: "ఆపరేషన్ సక్సెస్ అండి." మంచిదే. కానీ సక్సెస్ అంటే ఏంటి? ఎముక అతికితే సక్సెసా? నొప్పి తగ్గితేనా? ఆర్నెల్ల తర్వాత ఆ మనిషి ఏం చేయగలుగుతున్నాడో ఎవరైనా అడిగి రాసుకున్నారా? ఎముకల డాక్టర్ల ప్రపంచంలో పాతికేళ్లుగా పెద్ద పెద్ద పరిశోధనలు నడుస్తున్నది ఈ ప్రశ్నల మీదే. కొన్నింటి జవాబులు చదివితే సినిమా ట్విస్టులు ఎందుకూ పనికిరావు.

నాకు వీటి మీద ఆసక్తి పుట్టింది మా పిన్ని కొడుకు వల్ల. సంక్రాంతి కబడ్డీలో కూతకెళ్లి, వెనక్కి తిరుగుతూ మోకాల్లో 'టప్' మన్న శబ్దం విన్నాడు. వారం తర్వాత ఎమ్మారై రిపోర్టు నాకు వాట్సాప్ చేశాడు. "అన్నయ్యా, ఏసీఎల్ కంప్లీట్ టియర్ అంట. ఈ వారమే ఆపరేషన్ చేయించకపోతే కాలు పనికిరాదంటున్నారు. నిజమేనా?"

ఏసీఎల్ అంటే మోకాలి కీలు మధ్యలో ఉండే ఓ గట్టి తాడులాంటి లిగమెంటు. పరుగులో ఠక్కున ఆగినప్పుడు, పక్కకి తిరిగినప్పుడు కింది ఎముక ముందుకి జారిపోకుండా పట్టుకునేది అదే. కబడ్డీ, ఫుట్‌బాల్, వాలీబాల్ ఆడేవాళ్లకి ఎక్కువగా తెగేదీ అదే.

'ఈ వారమే' అన్న మాటని స్వీడన్ వాళ్లు ఎప్పుడో పరీక్షకి పెట్టారు. కొత్తగా ఏసీఎల్ తెగిన 121 మంది కుర్రాళ్లని, అమ్మాయిల్ని తీసుకుని, చీటీలు తీసినట్టుగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి వెంటనే ఆపరేషన్, దాంతోపాటు ఫిజియోథెరపీ. రెండో గుంపుకి ముందు ఫిజియోథెరపీ మాత్రమే. కాలు నిలవడం లేదనిపిస్తే అప్పుడు ఆపరేషన్. 2010లో రెండేళ్ల ఫలితాలు, 2013లో ఐదేళ్ల ఫలితాలు వచ్చాయి. నొప్పిలో, ఆటలో, రోజువారీ పనుల్లో రెండు గుంపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు! రెండో గుంపులోని 59 మందిలో ఐదేళ్లు గడిచేసరికి ఆపరేషన్ దాకా వెళ్లింది 30 మందే. మిగతా సగం మంది కత్తి మొహం చూడకుండానే గడిపేశారు.

అలాగని 'ఆపరేషన్ దండగ' అని ఫార్వర్డ్ చేసేయకండి. బ్రిటన్‌లో 316 మంది మీద చేసిన ఇంకో పరిశోధన 2022లో వచ్చింది. వీళ్లు దెబ్బ తగిలి చాలాకాలమైనా మోకాలు ఇంకా జారుతూనే ఉన్నవాళ్లు. వీళ్లలో ఆపరేషన్ గుంపే బాగుపడింది. ఫిజియోథెరపీకి కేటాయించిన వాళ్లలో కూడా 41 శాతం మంది తర్వాత ఆపరేషన్‌కి వెళ్లారు. రెండూ కలిపి చదువుకుంటే నాకు అర్థమైంది ఇది: తెగిన వారంలోనే పరిగెత్తక్కర్లేదు, నెలలు గడిచినా కాలు నిలవకపోతే భయపడి ఆపరేషన్ మానుకోనూ అక్కర్లేదు.

అయితే ఓ మెలిక ఉంది. స్వీడన్ వాళ్ల ఫిజియోథెరపీ అంటే నిపుణుల కళ్ల ముందు నెలల తరబడి చేయించిన కసరత్తు. మన దగ్గర ఫిజియోథెరపీ అంటే చాలామందికి పదిరోజులు కరెంటు పెట్టించుకుని మానేయడం. ఆ పరిశోధనలో వచ్చిన ఫలితం ఈ పదిరోజులకి రాదు. మా వాడికి అదే చెప్పాను, ఇంకో ఆర్థో డాక్టరుకీ చూపించమన్నాను. మోకాలు లాక్ అవడం లేదు, మిగతా భాగాలు బాగానే ఉన్నాయి కాబట్టి మూడు నెలలు చూద్దామన్నారాయన. ఇప్పుడు మా వాడు రోజూ పొద్దున్నే ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకుంటున్నాడు. పిన్ని నవ్వలేక చస్తోంది.

ఉత్తుత్తి ఆపరేషన్

ఇప్పుడు అసలు ట్విస్టు. అరిగిపోయిన మోకాలికి చిన్న కన్నాలు పెట్టి, కెమెరాతో లోపల చూస్తూ కడిగి, గీకి శుభ్రం చేసే ఆపరేషన్ ఒకటుంది. తొంభైల్లో అమెరికాలో లక్షల మందికి చేశారు. చేయించుకున్న వాళ్లు నొప్పి తగ్గిందనే చెప్పేవారు. మరి అది నిజంగా పనిచేస్తున్నట్టేగా?

హ్యూస్టన్‌లో బ్రూస్ మోస్లీ అనే సర్జన్‌కి ఆ అనుమానమే వచ్చింది. 180 మంది రోగుల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి గీకడం, ఇంకో గుంపుకి కడగడం. మూడో గుంపుకి ఏమీ లేదు! అంటే ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లి, మత్తిచ్చి, చర్మం మీద గాట్లు పెట్టి, నిజం ఆపరేషన్‌లాగే కాలు అటూ ఇటూ కదిపి, నీళ్ల చప్పుడు కూడా చేసి, కుట్లు వేసి పంపేశారు. మోసం కాదండోయ్. 'నాకు ఉత్తుత్తి ఆపరేషన్ కూడా జరగొచ్చు' అని వాళ్లందరూ ముందే స్వదస్తూరీతో రాసిచ్చారు.

2002లో ఫలితం బయటపడింది. రెండేళ్లపాటు చూసినా, నిజం ఆపరేషన్ వాళ్లకీ ఉత్తుత్తి వాళ్లకీ నొప్పిలో తేడా లేదు. 2013లో ఫిన్లాండ్ వాళ్లు అరుగుదల వల్ల చిరిగిన మెనిస్కస్ మీద, 146 మందితో, ఇలాంటి పరీక్షే చేశారు. ఏడాది తర్వాత చూస్తే అదే కథ. (ఆటలో దెబ్బ తగిలి చిరిగి, మోకాలు బిగుసుకుపోయిన వాళ్ల సంగతి వేరు. వాళ్లు ఈ పరీక్షలో లేరు.)

మరి చేయించుకున్న వాళ్లు తగ్గిందని ఎందుకన్నారు? మోకాలి నొప్పి ఎండాకాలం గోదారి, వర్షాకాలం గోదారి లాంటిది. దానంతటదే పెరుగుతుంది, తగ్గుతుంది. మనం డాక్టరు దగ్గరికి వెళ్లేది బాగా పెరిగినప్పుడు. తర్వాత ఏం చేసినా కొంత తగ్గుతుంది. దానికి తోడు 'ఇంత ఖర్చు పెట్టాం, ఇంత పెద్ద డాక్టరు చేశాడు' అన్న నమ్మకం. అందుకే 'మా పెదనాన్నకి తగ్గిందండి' అనేది ఎంత నిజమైనా రుజువు కాదు. పక్కన ఇంకో గుంపు ఉండాలి. కట్టు కట్టించుకున్నా, ఆకుపసరు రాసినా, లేజర్ అన్నా ఇదే కొలత.

మోకాలు మార్చడం మాత్రం ఆ కోవలోది కాదు. డెన్మార్క్‌లో బాగా అరిగిన మోకాళ్లున్న వంద మందితో చేసిన పరీక్ష 2015లో వచ్చింది. మార్చిన వాళ్లలో 85 శాతం మందికి ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది. వ్యాయామం, బరువు తగ్గడం, మందులతో సరిపెట్టుకున్న వాళ్లలో 68 శాతం మందికి. ఆపరేషనే గెలిచింది, కానీ తీవ్రమైన ఇబ్బందులు ఎక్కువ వచ్చిందీ ఆ గుంపులోనే. ఆపరేషన్ లేని గుంపులో నాలుగింట మూడొంతుల మంది ఆ ఏడాదంతా ఆపరేషన్ అవసరం లేకుండానే గడిపారు. ఇంకోటి, కెనడాలో మోకాలు మార్పించుకున్న 1,703 మందిని అడిగితే 19 శాతం మంది తృప్తిగా లేమన్నారు. ఎక్స్‌రేలో అన్నీ బాగానే ఉంటాయి. మనిషికే బాగుండదు.

పన్నెండు ప్రశ్నలు

మా అమ్మమ్మ ఆ 19 శాతంలో ఉందో లేదో నేనిప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆవిడది సఖినేటిపల్లి వైపు ఊరు. రెండు మోకాళ్లూ మార్పించాం. నొప్పి పోయింది, రాత్రిళ్లు నిద్ర పడుతోంది, గుడి దాకా నడుస్తోంది. కానీ అడిగితే ఏమంటుందో తెలుసా? "కాళ్లు బానే ఉన్నాయిరా. పీట మీద కూర్చోలేనప్పుడు వ్రతం ఎలా చేసుకోను?"

మోకాలి ఆపరేషన్ ఫలితం కొలవడానికి ప్రపంచమంతా వాడే 'ఆక్స్‌ఫర్డ్ నీ స్కోర్' అని ఒకటుంది. 1998లో తయారైంది. పన్నెండు ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు మార్కులు, మొత్తం 48. నొప్పి ఎంత? ఎంతసేపు నడవగలరు? మెట్లు దిగగలరా? కారో బస్సో ఎక్కి దిగగలరా? సరుకులు సొంతంగా తెచ్చుకోగలరా? మోకాళ్ల మీద వంగి లేవగలరా? మంచి ప్రశ్నలే. ఒకరోజు నేను అమ్మమ్మని కూర్చోబెట్టి ఇవన్నీ తెలుగులో అడిగి మార్కులేశాను. చాలా బాగా వచ్చాయి. డిస్టింక్షనే.

అయితే ఆ పన్నెండింటిలో మఠం వేసుకుని కూర్చోవడం లేదు. గొంతుక్కూర్చోవడం లేదు. పొలం గట్టు దిగడం, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లడం సరే సరి. కొత్త మోకాలు మామూలుగా 110, 120 డిగ్రీల దాకా వంగుతుంది. గొంతుక్కూర్చోవాలంటే అంతకన్నా ఎక్కువే వంగాలి. ఈ సంగతి ఆపరేషన్‌కి ముందు మాకెవరూ చెప్పలేదు. చెబితే అమ్మమ్మ వద్దనేది కాదు, ఆ నొప్పి అలాంటిది. కానీ తెలిసి ఒప్పుకోవడం వేరు, తర్వాత తెలుసుకోవడం వేరు. అందుకే ఎవరైనా పెద్దవాళ్లని ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే డాక్టరుగారిని 'సక్సెస్ రేటెంత' అని అడగడం మానేసి, ఆ మనిషి రోజూ చేసే పనులు నాలుగు చెప్పి 'ఇవి చేయగలదా అండి' అని అడగండి. జవాబు నిజాయితీగా వస్తుంది, నా అనుభవంలో వచ్చింది కూడా.

ఇక రోడ్డు మీద సంగతి. 216 జాతీయ రహదారి మీద యాక్సిడెంట్లు మీకు కొత్త కాదు. ఎముక విరిగి బయటికి కనబడే గాయాన్ని దేనితో కడగాలి అన్నదాని మీద 2015లో వచ్చిన పరిశోధనలో అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, నార్వేలతో పాటు మన దేశపు ఆసుపత్రులూ ఉన్నాయి. 2,447 మంది రోగులు. నీళ్లు ఎంత ఒత్తిడితో కొట్టారన్నది తేడా చూపలేదు. సబ్బునీళ్లతో కడిగిన వాళ్లలో 14.8 శాతం మందికి మళ్లీ ఆపరేషన్ కావాల్సి వచ్చింది, మామూలు సెలైన్‌తో కడిగిన వాళ్లలో 11.6 శాతం మందికే. అంటే ఖరీదైన మిషన్ లేని చిన్న ఆసుపత్రిలోనూ ఈ పని సరిగ్గానే చేయొచ్చు.

పెద్ద సమస్య ఆలస్యం. మనలాంటి 18 దేశాల్లో 31 వేల మందికి పైగా రోగుల్ని గమనించిన ఇంకో అధ్యయనం 2020లో వచ్చింది. బయటికి తెరుచుకున్న ఫ్రాక్చర్లున్న వాళ్లలో ప్రతి పదిమందిలో ఏడుగురు రెండు గంటల్లోపు చికిత్స చేసే ఆసుపత్రికి చేరలేదు. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన కారణం అంబులెన్స్ రాకపోవడం కాదు, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి పంపడం. 'ఇక్కడ కాదు, కాకినాడ తీసుకెళ్లండి' అన్న మాట విన్నవాళ్లకి ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

మన దగ్గర లెక్క రాసేదెవరు?

స్వీడన్‌లో 1975 నుంచి మోకాళ్లకీ, 1979 నుంచి తుంటి కీళ్లకీ రిజిస్టరు ఉంది. ఎవరికి, ఏ కంపెనీ కీలు, ఎప్పుడు వేశారు, ఎన్నేళ్లకి మళ్లీ తీయాల్సి వచ్చింది, అంతా అందులో ఉంటుంది. దీని విలువ ఏఎస్ఆర్ అనే తుంటి కీలు విషయంలో తెలిసొచ్చింది. జాన్సన్ అండ్ జాన్సన్ గ్రూపులోని డీప్యూ తయారుచేసిన ఈ లోహపు కీలు త్వరగా పాడవుతోందని ఆస్ట్రేలియా రిజిస్టరు పట్టించింది. 2010 ఆగస్టులో కంపెనీ ప్రపంచమంతా వెనక్కి తీసుకుంది. మన దేశంలో దాదాపు 4,700 ఆపరేషన్లు ఆ కీలుతో జరిగాయి. నష్టపరిహారం కోసం ప్రభుత్వ కమిటీ వెతికితే, వాళ్లలో 3,600 మంది దాకా ఎక్కడున్నారో దొరకలేదు. ఒంట్లో ఆ లోహం పెట్టుకుని, ఆ సంగతే తెలియకుండా తిరుగుతున్నవాళ్లు అందులో ఎందరో!

మన తుంటి, మోకాలి సర్జన్ల సంఘం 2006లోనే రిజిస్టరు మొదలుపెట్టింది. అందులో రాయడం మాత్రం డాక్టర్ల ఇష్టం. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ ధరలకి కళ్లెం వేసింది, ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో రూ.54,720 ప్లస్ జీఎస్టీ అని. ధరకి హద్దు వచ్చింది గానీ లెక్క రాయాలన్న నిబంధన రాలేదు.

పరిశోధన పేరుతో మీకెవరైనా సంతకం పెట్టమంటే సీటీఆర్ఐ నంబరు అడగండి. దేశంలో మనుషుల మీద జరిగే క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ అది. 2007లో మొదలైంది, ఫోన్లోనే ఉచితంగా చూడొచ్చు. ఏ ఆసుపత్రి, ఎంతమంది, ఏ ఫలితాన్ని కొలుస్తారు, అన్నీ ఉంటాయి.

ఇంకొకటి. ఇంప్లాంట్ ప్యాకెట్లతో పాటు చిన్న స్టిక్కర్లు వస్తాయి. కంపెనీ పేరు, మోడల్, లాట్ నంబరు ఉంటాయి వాటి మీద. ఆసుపత్రి వాళ్లు వాటిని కేసు షీటులో అతికిస్తారు. డిశ్చార్జి రోజు బిల్లు గొడవలో పడి మర్చిపోకుండా అడిగి ఫొటో తీసుకోండి. అమ్మమ్మ రెండు మోకాళ్ల స్టిక్కర్లూ నా ఫోన్లో ఉన్నాయి, పొలం పాస్‌బుక్ ఫొటో పక్కనే.