పడని తిండి ఏదో తేల్చేదెలా?
* పిల్లల్లో ఆహార అలర్జీకి ఒక్క రక్త పరీక్షే ప్రమాణం కాదు
* రిపోర్టు చూసి పాలు, గుడ్డు మానిపిస్తే పోషకాహార లోపం

అనంతపురం: గుడ్డు తిన్న కాసేపటికే పెదవులు వాయడం, పాలు తాగిన వెంటనే ఒళ్లంతా దద్దుర్లు రావడం, వేరుశనగ ఉండ కొరకగానే వాంతులు, ఆయాసం... బిడ్డలో ఈ లక్షణాలు కనిపిస్తే కన్నవారికి కంగారు సహజం. ఆ కంగారులో నేరుగా ల్యాబ్‌కు వెళ్లి, ఒకే రక్త నమూనాతో పదుల కొద్దీ పదార్థాలకు పరీక్ష చేయించి, పాజిటివ్‌గా వచ్చిన ప్రతిదాన్నీ మానిపించేవారున్నారు. దీనివల్ల రెండు విధాలా నష్టమే. అసలు అలర్జీ తేలకపోతే ప్రాణానికి ముప్పు. లేని అలర్జీని ఉందనుకుంటే ఎదిగే బిడ్డకు పాలు, గుడ్డు, పప్పు దూరమవుతాయి.

అలర్జీ వేరు.. అసహనం వేరు
ఆహారంలోని మాంసకృత్తులను శరీర రక్షణ వ్యవస్థ శత్రువుగా పొరబడి, 'ఐజీఈ' అనే ప్రతిరక్షకాలతో ఎదురుదాడికి దిగడమే అలర్జీ. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపే సాధారణంగా లక్షణాలు బయటపడతాయి. చిటికెడు తిన్నా ప్రమాదమే. పాలలోని చక్కెర అరగక కడుపు ఉబ్బరం, విరేచనాలు కావడం మాత్రం అలర్జీ కాదు, అసహనం. ఇది బాధ పెడుతుందే తప్ప ప్రాణం మీదికి తేదు. ఇలాంటి వారిలో చాలామందికి పెరుగు, మజ్జిగ సరిపడతాయి. పాల అలర్జీ ఉన్నవారికి అవి కూడా పనికిరావు. గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగులు దెబ్బతినే సీలియాక్ వ్యాధి మరొకటి. దీనికి రక్త పరీక్ష వేరు. ఆ పరీక్ష అయ్యేదాకా గోధుమ మానరాదు. మానితే జబ్బు ఉన్నా లేనట్లు రావచ్చు.

తల్లి చెప్పే వివరమే కీలకం
బిడ్డ ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, ఎన్ని నిమిషాలకు ఏం కనిపించింది, అంతకుముందు అదే తిన్నప్పుడు ఏమైంది అన్నవి వైద్యునికి ముఖ్యం. వీటిని నోటు పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. దద్దుర్లు తేలినప్పుడు సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకోవడం మేలు. ఏ పదార్థానికి పరీక్ష అవసరమో ఈ వివరాలను బట్టే నిర్ణయిస్తారు.

పరీక్షలు ఇవీ..
* చర్మ పరీక్ష: ముంజేతిపై గానీ వీపుపై గానీ ఆహార సారం చుక్క వేసి, చర్మం పైపొరను సన్నగా గుచ్చుతారు. 15 నుంచి 20 నిమిషాల్లో అక్కడ దోమ కుట్టినట్లు 3 మిల్లీమీటర్లు, అంతకుమించి ఉబ్బితే పాజిటివ్‌గా లెక్కిస్తారు. అలర్జీ మాత్రలను వైద్యుని సలహాతో కొన్ని రోజుల ముందే ఆపాలి.
* రక్త పరీక్ష: అనుమానించిన పదార్థానికి సంబంధించిన ఐజీఈని కొలుస్తారు. ఒళ్లంతా తామర ఉన్నవారికి, మాత్రలు ఆపలేని వారికి ఇది అనువైనది.
* తినిపించి చూడడం: ఆసుపత్రిలో, అత్యవసర మందులు సిద్ధంగా ఉంచుకుని, అనుమానిత ఆహారాన్ని అతి కొద్ది నుంచి క్రమంగా పెంచుతూ ఇస్తారు. నిర్ధారణకు ఇదే అత్యుత్తమ పరీక్ష. ఇంట్లో దీన్ని ప్రయత్నించరాదు.

పాజిటివ్ అంటే అలర్జీయేనా?
కానక్కర్లేదు. ప్రతిరక్షకాలు ఉన్నా, ఏ ఇబ్బందీ లేకుండా తినగలిగేవారు ఎందరో. కర్ణాటకలో పెద్దలపై జరిపి, 2016లో ప్రచురించిన అధ్యయనంలో 26.5 శాతం మందిలో ఆహారాలకు ప్రతిరక్షకాలు కనిపించగా, అలర్జీ ఉండవచ్చని తేలింది 1.2 శాతం మందిలోనే. రిపోర్టులోని అంకె పెద్దదైనంత మాత్రాన లక్షణాలు తీవ్రంగా వస్తాయనీ కాదు. 'ఫుడ్ ఇన్‌టాలరెన్స్' పేరిట చేసే ఐజీజీ పరీక్షలను అలర్జీ వైద్య సంఘాలు సిఫార్సు చేయడం లేదు. ఆ ఆహారం శరీరానికి పరిచయమేనని మాత్రమే అవి చెబుతాయి.

బడికి ముందే చెప్పాలి
వేరుశనగ పండే ఈ సీమలో ఊరిబిండి, పల్లీల చట్నీ లేని ఇల్లు అరుదు. అలర్జీ నిర్ధారణ అయితే బంధువులకు, అంగన్‌వాడీ కార్యకర్తకు, ప్రధానోపాధ్యాయునికి, వంట సిబ్బందికి ముందుగానే తెలపాలి. మధ్యాహ్న భోజనంలో ఇచ్చే గుడ్డు, చిక్కీ విషయంలో జాగ్రత్త అవసరం. మానిన ఆహారానికి బదులు ఏం పెట్టాలో వైద్యుని అడిగి తెలుసుకోవాలి. పాలు, గుడ్డు అలర్జీలు చాలామంది పిల్లల్లో వయసుతోపాటు తగ్గిపోతాయి. అందుకే వైద్యుడు చెప్పిన గడువుకు మళ్లీ పరీక్ష చేయించాలి.

ఆయాసం, గొంతు బిగుసుకోవడం, సొమ్మసిల్లడం వంటివి కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయాలి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి. ఊపిరి ఆడకుంటే కూర్చోనివ్వాలి, నడిపించరాదు. ఆ సమయంలో ప్రాణం నిలిపేది తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే. అలర్జీ సిరప్ దానికి ప్రత్యామ్నాయం కాదు.