దూరస్థ లినక్స్ యంత్రాలతో చిత్రరూప అనుసంధానం: లోపనిర్ధారణ క్రమం

1. ప్రస్తావన:
భాషాసామగ్రిని విశ్లేషించే పరిశోధకులు దూరాన ఉన్న లినక్స్ కంప్యూటర్‌ను తమ గదినుంచే ఎస్ఎస్‌హెచ్ ద్వారా వాడుకోవచ్చు. అక్షరరూప ఆజ్ఞలు సక్రమంగా నడిచినప్పటికీ, విండో తెరిచే ప్రోగ్రామును పిలిచినప్పుడు డిస్‌ప్లేను తెరవలేమన్న సందేశం రావడం కద్దు. సందేశం ఒక్కటే అయినా కారణాలు అనేకం. వాటిని వరుసగా పరీక్షించే పద్ధతిని వివరించడం ఈ వ్యాసలక్ష్యం.

2. ఎక్స్ వ్యవస్థ స్వరూపం:
ఎక్స్ విండో సిస్టమ్ 1984లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రూపుదిద్దుకొంది. నేటికీ వాడుకలో ఉన్న 11వ రూపం 1987లో వెలువడింది. ఇందులో సర్వర్ అంటే దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్ కాదు. తెరను, కీబోర్డును, మౌస్‌ను నిర్వహించే ప్రోగ్రామే సర్వర్. అది వాడుకరి ఎదుట ఉన్న యంత్రంలో ఉంటుంది. విండో గీయమని కోరే ప్రోగ్రాము క్లయింట్; అది దూరపు యంత్రంలో నడుస్తుంది. ఈ భేదాన్ని గుర్తించనిచో లోపం ఒకచోట ఉండగా అన్వేషణ మరొకచోట సాగుతుంది.

3. పరీక్షాక్రమం:
3.1. మొదట వాడుకరి యంత్రంలో ఎక్స్ సర్వర్ నడుస్తున్నదో లేదో చూడాలి. మ్యాక్‌లో ఎక్స్‌క్వార్ట్జ్ వంటి ప్రోగ్రామును విడిగా స్థాపించుకోవలసి ఉంటుంది.

3.2. ఎస్ఎస్‌హెచ్ ఆజ్ఞకు హైఫన్, పెద్ద ఎక్స్ అక్షరం చేర్చి ప్రవేశించిన పిదప, దూరపు యంత్రంలో డిస్‌ప్లే అనే చలరాశి విలువను పరిశీలించాలి. సాధారణంగా అది లోకల్‌హోస్ట్:10.0 అని ఉంటుంది. 6000కు ఈ 10ని కలుపగా వచ్చే 6010 పోర్టే గుప్తీకరించిన సొరంగానికి ముఖద్వారం. విలువ శూన్యంగా ఉంటే సొరంగం ఏర్పడలేదని అర్థం. ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ మూల అమరికలో దూరపు యంత్రం ఈ సౌకర్యాన్ని అనుమతించదు, నిర్వాహకుడు అనుమతించాలి. ఎక్స్ఆథ్ ప్రోగ్రాము అక్కడ లేకపోయినా ఇదే ఫలితం. విలువను చేతితో రాసినంతమాత్రాన సొరంగం ఏర్పడదు.

3.3. విలువ సరిగా ఉన్నా తిరస్కారం ఎదురైతే కుకీని అనుమానించాలి. ఇది హోమ్ డైరెక్టరీలోని ఒక ఫైలులో నిలువ ఉండే 128 బిట్ల రహస్యసంఖ్య. డైరెక్టరీకి కేటాయించిన చోటు నిండిపోతే కుకీ నమోదు కాదు. సుడో ద్వారా మరొక వాడుకరిగా మారితే, ఆ వాడుకరి వద్ద కుకీ ఉండకపోవచ్చు. ఈ రెండు సందర్భాల్లోనూ లోపం నెట్‌వర్క్‌ది కాదు.

3.4. కొంతసేపు పనిచేసి, తరువాత కొత్త విండోలు తెరుచుకోకపోతే కాలపరిమితి కారణం కావచ్చు. పరిమిత విశ్వాసంతో కలిపిన అనుసంధానానికి మూల అమరికలో గడువు 20 నిమిషాలు.

4. సులభోపాయంలోని ప్రమాదం:
ఎక్స్‌హోస్ట్ ఆజ్ఞకు ప్లస్ గుర్తు చేర్చితే సమస్య తీరుతుందన్న సలహా తరచు వినబడుతుంది. ఆ ఆజ్ఞ ప్రవేశ తనిఖీనే తొలగిస్తుంది. పూర్తి విశ్వాసంతో ప్రవేశం పొందిన క్లయింట్ల మధ్య ఎక్స్ వ్యవస్థలో అడ్డుగోడలు లేవు; ఒక ప్రోగ్రాము మరొకదానిలో టైపు చేసే అక్షరాలను గ్రహించగలదు, తెరను చిత్రించగలదు. సంకేతపదాలు, ప్రశ్నపత్రాలు, క్షేత్రపర్యటనలో వక్తలు నమ్మకంతో ఇచ్చిన వివరాలు ఆ తెరపైనే ఉంటాయి. పెద్ద వై అక్షరంతో కలిసే పూర్తి విశ్వాస విధానాన్ని కూడా నమ్మదగిన యంత్రానికే పరిమితం చేయాలి.

5. ముగింపు:
సర్వర్, సొరంగం, కుకీ, గడువు అన్న క్రమంలో పరీక్షిస్తే లోపస్థానం తేలుతుంది. ఏ దశలో ఆటంకం వచ్చిందో నిర్వాహకునికి తెలుపగలిగితే, తనిఖీని తొలగించకుండానే పరిష్కారం సాధ్యమవుతుంది.